చూసినవాళ్ళ ముందే లేవాలి

నేను ఐదో తరగతి వరకే చదివాను. అందులోనూ సగం రోజులు బీడీ ఆకు కత్తిరించడానికే ఇంట్లో ఉన్నాను. కాబట్టి నా రాతలో ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు ఉండాల్సిన చోట ఉండవు. ఒక మాట చెబుతూ ఇంకో మాటలోకి పోతాను. పుస్తకాలు చదివే అలవాటున్నవాళ్ళు కోపం చేసుకోకండి. ఒకసారి నా రాత చూసి ఒక పెద్దమనిషి పదిమంది ముందు నవ్వాడు. ఆ తర్వాత చీటీ ముక్క కూడా రాయలేదు నేను. ఇప్పుడు కూడా చెమట పడుతోంది. బడిలో నేర్పిన తెలుగులోనే రాస్తాను. మనుషులు మాట్లాడిన మాటలు మాత్రం వాళ్ళు ఎట్లా అన్నారో అట్లాగే పెడతాను, అవి మార్చడం నాకు చేతకాదు.

మాది కోరుట్ల నుంచి మల్లాపూర్ వైపు పోయే దారిలో ఒక ఊరు. కల్లు గీసే ఇల్లు. మా ఆయన తాళ్ళు, అంటే తాడి చెట్లు, ఎక్కేవాడు, నేను గడప ముందు చాట పెట్టుకుని బీడీలు చుట్టేదాన్ని. మా ఊళ్ళో గీసేవాళ్ళందరూ కలిసి ఏడాదికొకసారి ఆడే ఆట ఒకటి ఉండేది. ఖిల్లా ఆట అంటాం. వెనకటి కాలంలో జగిత్యాల ఖిల్లాలో ఉండే అధికారి కరువులో చెట్టు పన్ను రెండింతలు చేస్తే, మా దిక్కు గీసే ఆయన ఒకడు అన్నిటికంటే పొడుగున్న తాడి చెట్టు ఎక్కి కూర్చున్నాడట. పన్ను తీసేసేదాకా దిగను అన్నాడట. మూడు రోజులు దిగలేదు. నాలుగో రోజు సిపాయిలు కింద నిలబడి తుపాకీ పేల్చారు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. మా మామ వాళ్ళ తాత పాటలు కట్టి ఆటగా చేశాడు. మామ అంటే మా ఆయన మేనమామ, మద్దెల వాయిస్తాడు, ఆట మొత్తం ఆయన నోట్లోనే ఉంది. చదువు లేదు.

ఈ ఆటలో ఒక పద్ధతి ఉంది. అది అర్థం కాకపోతే నేను రాసేదంతా పిచ్చిదాని మాటలా ఉంటుంది, అందుకే నిదానంగా చెబుతాను. ఆటలో చెట్టంటే ఒక పెద్ద నిచ్చెన. వేషం కట్టినవాడు తుపాకీ దెబ్బకు దాని మీదినుంచి పడి చస్తాడు. మా ఆటకు తెర లేదు. పడ్డవాడు పడ్డట్టే ఉంటాడు. అప్పుడు అతని సొంత పెళ్ళాం, వేషగత్తె కాదు, నిజమైన పెళ్ళాం, జనంలోనుంచి లేచి పసుపు నీళ్ళ చెంబుతో పోయి మొహం మీద మూడుసార్లు చల్లి, "లే, ఇంటికి పోదాం" అనాలి. అతను లేచి, ఎవరితో మాట్లాడకుండా ఆమె వెనక ఇంటిదాకా నడవాలి. అప్పటిదాకా జనం కదలకూడదు. అతను చావడం ఎంతమంది చూశారో అంతమందీ అతను లేవడం చూడాలి. మధ్యలో ఎవరైనా చుట్ట తాగడానికి పక్కకు పోతే మామ మద్దెల ఆపి పిలిపించేవాడు. చూసినవాళ్ళ ముందే లేవాలి అనేవాడు.

కొందరికి నవ్వు రావచ్చు. మేం చెట్టు మీదినుంచి పడి చచ్చే మనుషులం. నిజంగా పడ్డవాణ్ణి ఏ పసుపు నీళ్ళూ లేపవు. మా అత్త ఇద్దరు కొడుకుల్లో ఒకణ్ణి అట్లాగే పోగొట్టుకుంది. మరి ఆటలో పడ్డవాణ్ణయినా లేపుకోకుండా వదిలేసి పోతే ఎట్లా? పెళ్ళయినప్పటినుంచి ప్రతి ఏడూ మా ఆయన్ని నేనే లేపాను. ఒక్క ఏడు మాత్రం కడుపుతో ఉన్నానని మా అత్త లేపింది.

వరసగా వానలు పోయిన ఏళ్ళవి. బావులు ఎండాయి, కల్లు సగానికి సగం పడిపోయింది. మెట్‌పల్లి బస్సులో పాస్‌పోర్టు చేతిలో పెట్టుకోని మగవాడు కనబడేవాడు కాదు. మా ఆయన కూడా పోతానన్నాడు. కోరుట్లలో ఒక గల్ఫ్ ఏజెంటు దగ్గర పాస్‌పోర్టు ఇచ్చి వచ్చాడు. మనుషుల్ని విమానం ఎక్కించి ఆ ఏజెంటు మేడ కట్టాడు, మేడ మీద ఇంకో మేడ కట్టాడు, ఇంకేం కట్టాలో తెలియక సినిమా తీద్దామనుకున్నాడు. హైదరాబాదు నుంచి ఒక డైరెక్టర్ను పట్టుకొచ్చాడు. ఆ డైరెక్టర్ మా ఆట గురించి ఎవరో చెబితే విన్నాడట. నల్ల కళ్ళద్దాలు నెత్తి మీద పెట్టుకుని వచ్చాడు. ఆయన మా ఊళ్ళో ఉన్న అన్ని రోజుల్లో ఆ అద్దాలు ఒక్కసారి కూడా కళ్ళ మీదికి దిగడం నేను చూడలేదు.

మామను కూర్చోబెట్టి ఆట మొత్తం చెప్పమన్నాడు. మామ పాడుతూ చెబితే రాసుకోవడానికి వచ్చిన కుర్రవాడికి మా మాట పట్టుబడలేదు, రెండు రోజులకే తలనొప్పి అని పడుకున్నాడు. ఊళ్ళో చదువుకున్నవాళ్ళందరూ పట్నాల్లోనో దుబాయిలోనో ఉన్నారు. నాకు అక్షరాలు వచ్చని మామ నన్ను పిలిచాడు. బీడీలు పక్కన పెట్టి ఇరవై రోజులు రాశాను. మూడు పొడుగు నోటుబుక్కులు నిండాయి. వేలు వాచింది. చివర్లో లేపే పద్ధతి కూడా వివరంగా రాశాను.

డైరెక్టర్ ఆ బుక్కులు మా వాకిట్లో కూర్చుని తిరగేశాడు. ఒకచోట ఆగి, నేను రాసిన వాక్యం నేను రాసిన తప్పులతోనే గట్టిగా చదివి, తన మనుషుల వైపు చూసి నవ్వాడు. వాళ్ళూ నవ్వారు. మా ఊరివాళ్ళు కొందరు ఎందుకో తెలియకుండానే నవ్వారు. నేను చాయ్ గిన్నె తీసుకుని లోపలికి పోయాను. సినిమా వచ్చాక చూస్తే కథ, మాటలు అని ఆ నవ్వినాయన పేరే ఉంది. తప్పులు మాత్రం నావి, కథ ఆయనది.

ఆ కథను ఏం చేశాడో కూడా చెప్పాలి. మా ఆటలో ఖిల్లాదారుకు పిల్లలు లేరు. ఆయన సినిమాలో ఒక కూతురు పుట్టింది. ఆ పిల్ల ఖిల్లా బురుజు మీద నిలబడి, తాడి చెట్టు మీద మూడు రోజులుగా స్నానం లేకుండా కూర్చున్నవాణ్ణి చూసి ప్రేమించింది. జగిత్యాల బురుజు మీదినుంచి మల్లాపూర్ దిక్కు తాళ్ళవనంలో మనిషి కనబడ్డాడంటే ఆమె కళ్ళు ఎటువంటి కళ్ళో మీరే ఆలోచించండి. చెట్టు పన్ను సంగతి రెండు మాటల్లో అయిపోయింది. పన్ను గురించి ఎవరు చూస్తారమ్మా, మనిషికి ప్రేమ ముఖ్యం అన్నాడు డైరెక్టర్. పన్ను కట్టలేక ఊళ్ళు వదిలిపోయినవాళ్ళ కథ, ఊళ్ళు వదిలిపోతున్నవాళ్ళకు చూపించడానికి ప్రేమ కావాలట.

హీరోగా మొదట హైదరాబాదు నుంచి ఒక అబ్బాయిని తెచ్చారు. కండలు బాగా పెంచాడు. నడుముకు మోకు, అంటే చెట్టెక్కే తాడు, కట్టి తాడి చెట్టు దగ్గర నిలబెడితే మనిషెత్తు ఎక్కి, దిగడం తెలియక అక్కడే చెట్టును కౌగిలించుకుని ఉండిపోయాడు. మా ఆయన ఎక్కి భుజం మీద దింపాడు. దాంతో డైరెక్టర్ మా ఆయన్నే హీరో అన్నాడు. న్యాచురల్ మొహం అన్నాడు. ఎండిపోయిన మొహాన్ని వాళ్ళ భాషలో న్యాచురల్ అంటారు.

ఏజెంటుకు కూడా ఇది కలిసొచ్చింది. పిక్చర్ చెయ్యి, వీసా నేను చూసుకుంటా అన్నాడు. వీసా ఎప్పుడు వస్తుందో చెప్పలేం కాబట్టి మా ఆయనతో పెద్ద సీన్లన్నీ ముందే తీసేయమని డైరెక్టర్‌కు చెప్పాడు. అందరికంటే ముందు చావు తీయమన్నాడు. పెళ్ళి చూపులు లేవు, పన్ను లేదు, ఖిల్లా లేదు, మొదటి రోజే చావు. మా మామకు ఇది మింగుడు పడలేదు. నా నోటుబుక్కు తీసి చివరి పేజీ ఎక్కడ అని అడిగాడు. చూస్తే లేపే పద్ధతి మీద ఎర్ర గీత కొట్టి ఉంది.

మామ డైరెక్టర్ దగ్గరకు పోయాడు, నేను వెనక నిలబడ్డాను. చచ్చినవాడు లేస్తే జనం ఏడవరు, ఏడవకపోతే పిక్చర్ ఆడదు, అని డైరెక్టర్ ఆయనకు నచ్చచెప్పాడు. మామ కదలలేదు. చివరకు ఏజెంటు కల్పించుకున్నాడు.

"గిప్పుడే లొల్లి ఎందుకే కాకా. ఆఖరి రోజు జగిత్యాలల తీద్దం. లేపుడు ఒక్కటే కదా, రెండు నిమిషాల పని."

డైరెక్టర్ కూడా తల ఊపాడు. మేం నమ్మాం. ఇప్పుడు తలుచుకుంటే మా మీద మాకే అసహ్యం వేస్తుంది. ఆ ఏజెంటు చేతుల్లో మా వాడకట్టు మగవాళ్ళ పాస్‌పోర్టులు సగం ఉన్నాయి, ఆయన మాట నమ్మక ఏం చేస్తాం అనుకున్నాం. నమ్మడానికి అదొక కారణమా?

చావు తీసిన రోజు ఊరంతా వనంలోనే ఉంది. జనంలా కూర్చోవాలని ఊరివాళ్ళనే కూర్చోబెట్టారు. చెట్టు కింద గడ్డి పరిచి, గడ్డి మీద పరుపులు వేసి, పరుపుల మీద మళ్ళీ గడ్డి పరిచారు. మా ఆయన సగం చెట్టు మీదినుంచి పడాలి. తుపాకీ పేలింది. పడ్డాడు. కదలకుండా ఉన్నాడు. నేను అలవాటు ప్రకారం చెంబు తీసుకుని లేచాను. నాకు కెమెరా గుర్తు లేదు, నిజంగానే గుర్తు లేదు. పోయి నీళ్ళు చల్లి లే అన్నాను, ఆయన లేచాడు. మామ మద్దెల కొట్టాడు. జనం సంతోషంగా లేచి చీరలు దులుపుకున్నారు. డైరెక్టర్ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

రెండోసారి పడ్డప్పుడు నేను లేవలేదు, మా అత్త లేచింది. మూడోసారి మా ఇద్దరి చేతులూ పట్టుకోవడానికి మనుషుల్ని పెట్టారు. అప్పుడు ఎవరూ లేపడానికి రాకపోయేసరికి జనంలో ఒక ముసలామె, "ఎవ్వలు లేపరేందిరా వాణ్ణి" అని తనే బయలుదేరింది. ఆమె మా ఇంటి మనిషి కూడా కాదు. ఆ రోజు మా ఆయన ఆరుసార్లు చచ్చాడు. నాలుగైదు సార్లు లేపాం. ఆరోసారి నా చెంబు కారులో పెట్టి తాళం వేశారు.

డైరెక్టర్ నా దగ్గరకు వచ్చాడు. కోపంగా లేడు, చిన్నపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"ఇది నటనమ్మా. నిజంగా చావలేదు కదా. మీకు ఆ మాత్రం తెలీదా?"

"తెల్సు సారూ. నటనే కాబట్టె లేపుతున్నం. నిజంగ సస్తె ఎట్ల లేపుతం?" అన్నాను.

ఆయన తన మనుషుల వైపు తిరిగి, ఈ డైలాగు బాగుంది రాసుకో అన్నాడు. అంతే, ఆయనకు వినబడింది అంతే.

సామాన్లు సర్దుతుంటే కూడా మా ఊరివాళ్ళు ఒక్కరూ కదలలేదు. కెమెరా పెట్టెలో పెట్టేశాక, కారు తాళం తీయించి, మా ఆయన్ని మళ్ళీ అదే గడ్డి మీద పడుకోబెట్టి నేను లేపాను. ఆయన నా వెనక ఇంటికి నడిచాడు. మనసు కుదుటపడింది. మా వరకు పని అయిపోయింది అనుకున్నాను.

తర్వాత వారం సిపాయిల బట్టల కోసం డైరెక్టర్ సిరిసిల్ల పోవాలన్నాడు. మా పుట్టిల్లు సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి, మా అన్న సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పని చేస్తాడు. దారి చూపమని నన్ను కారులో ఎక్కించుకున్నారు. పాతకాలం నేత బట్ట కావాలి, ఒరిజినల్ కావాలి అని దారి పొడుగునా ఒకటే పాట. మా అన్న గుంత మగ్గం మీద చేత్తో నేసే ముసలాయన దగ్గరకు తీసుకుపోయాడు. ఆయన వేలితో దారం చూపించి, రెండు నెలలు పడుతుంది అన్నాడు. డైరెక్టర్ రెండు నెలలా అని నవ్వి, ఆ ముసలాయన పక్కన నిలబడి ఫోటో దిగి, బజారులో తళతళలాడే పాలిస్టర్ తాన్లు కొన్నాడు. అవి పాతగా కనబడాలని చాయ్ నీళ్ళలో నానబెట్టి, మట్టి పూయించాడు. వాడకట్టులో సగం సాంచాలు ఆగిపోయి, మనుషులు పని కోసం బొంబాయి దగ్గరి భివండికి బండి ఎక్కుతున్నారు ఆ ఏడు. కొత్త బట్టకు మట్టి పూయడం చూసి మా అన్న నన్ను సాంచాల దగ్గరకు తీసుకుపోయాడు. ఆ చప్పుడులో చెవి దగ్గరకు వచ్చి అడిగాడు.

"బావ సినిమాల సత్తడంట గద. లేస్తడా?"

లేపాం, ఊరంతా చూసింది అన్నాను.

"ఊరు సూసింది సరే. రేపు హాల్ల సూసేటోళ్ళో?"

అంత చిన్న సంగతి నాకు తట్టలేదు. ఆట ఊళ్ళో ఆడితే చూసేది ఊరే. సినిమా అంటే కోరుట్లలో చూస్తారు, జగిత్యాలలో చూస్తారు, ఎక్కడెక్కడో చూస్తారు. ఆయన మొహం తెలియనివాళ్ళు వేలమంది ఆయన చావడం చూసి, లేవడం చూడకుండా ఇళ్ళకు పోతారు. ఆయనేమో విమానం ఎక్కి, కట్టే మేడల ఇనుప కడ్డీల మీద పనికి పోతున్నాడు. ఇంటికి వచ్చాక మామతో చెబితే, ఆయన అన్నం ముందు నుంచి లేచాడు. మాకు అదంతా ఉత్త నమ్మకం అని ఎవరైనా అంటే అననీ. నాకు ఆ రోజునుంచి సినిమాలో ఆ రెండు నిమిషాలు ఉండాలి, అదొక్కటే కావాలి.

జగిత్యాల ఖిల్లాలో నాలుగు రోజులు తీశారు. సిపాయిల బట్టలకు పూసిన మట్టి చెమటకు కారి, తళతళ బయటపడింది. ఒకే ఒక గుర్రం తెచ్చారు, దాన్ని అటు పరిగెత్తించి, ఇటు పరిగెత్తించి సైన్యం అన్నారు. ఖిల్లాదారు కూతురు బురుజు మీద పాట పాడింది. ఆ పాటకే రెండు రోజులు పోయాయి. నేను రోజూ పసుపు నీళ్ళ చెంబు పక్కన పెట్టుకుని గోడ నీడలో కూర్చునేదాన్ని. నాలుగో రోజు మధ్యాహ్నం ఏజెంటు జీపు వచ్చింది. వీసా వచ్చిందట. తెల్లారితే విమానం. మా ఆయన్ని ఉన్నపళంగా బట్టలు మార్చుకోమన్నాడు.

నేను డైరెక్టర్ దగ్గరకు పరిగెత్తాను. రెండు నిమిషాలు సారూ, ఇక్కడే నేల మీద పడుకుంటాడు, నేను లేపుతాను, అంతే అన్నాను. ఆయన పాట మధ్యలో ఉన్నాడు. కెమెరా బురుజు మీద ఉంది, కిందికి దించితే వెలుగు పోతుంది అన్నాడు. తర్వాత డూపును పెట్టి తీస్తాలే అన్నాడు. డూపు అంటే ఏమిటని అడిగితే, వెనకనుంచి చూస్తే మీ ఆయనలాగే ఉండేవాడు అన్నారు ఎవరో. పక్కదాని మొగుణ్ణి లేపమంటున్నాడు నన్ను.

ఏజెంటు జీపులోనుంచే అన్నాడు, "చెల్లె, విమానం నీ పసుపునీళ్ళ కోసం ఆగుతదా?"

మా ఆయన నన్ను పక్కకు తీసుకుపోయాడు. మొహాన రంగు ఇంకా ఉంది.

"బతికే ఉన్న గదనే. గింత రంది ఎందుకు?"

"నాకెర్కే. సూసేటోళ్ళకెట్ల ఎర్క?"

ఆయన నా చెంబులో నీళ్ళతోనే మొహం కడుక్కుని జీపు ఎక్కాడు.

డూపుతో కూడా తీయలేదు. తీస్తారని నేను కూడా అనుకోలేదు. మామ, నేను కలిసి రెండుసార్లు కోరుట్లలో ఏజెంటు ఆఫీసుకు పోయాం. మొదటిసారి చాయ్ ఇచ్చారు. రెండోసారి అది కూడా ఇవ్వలేదు. పిక్చర్ ఎడిటింగ్ అయిపోయింది, ఇంక దేవుడు చెప్పినా మారదు అన్నారు.

పిక్చర్ వచ్చేదాకా ఆ ఎనిమిది నెలలూ ఎట్లా గడిచాయో రాయడం నాకు రాదు. శుక్రవారం వాళ్ళకు సెలవు, శుక్రవారం మధ్యాహ్నం నా సెల్లుకు ఫోన్ వచ్చేది. ఒక శుక్రవారం రాకపోతే మా అత్త అన్నం తినలేదు. పని ఎట్లా ఉందని అడిగితే, తాడి చెట్టు కంటే ఎత్తు, కానీ మోకు వాళ్ళే ఇస్తారు అనేవాడు. పక్క ఊళ్ళోకి ఆ చలికాలంలో దుబాయి నుంచి ఒక మనిషి పెట్టెలో వచ్చాడు. ఇంక దాని గురించి రాయను.

పిక్చర్ కోరుట్లలో శుక్రవారమే వచ్చింది. మా ఊరివాళ్ళు రెండు ట్రాక్టర్ల మీద మార్నింగ్ షోకు పోయాం. గేటు దగ్గర మా ఆయన బొమ్మ పెద్దది పెట్టారు. మొహం తెల్లగా చేశారు. మొలక మీసం ఉన్న మనిషికి మెలేసిన మీసం పెట్టారు. మా అత్త దాని ముందు నిలబడి, ఇది నా కొడుకు కాదు అంది, దణ్ణం మాత్రం పెట్టింది.

లోపల ఇంకో వింత. మా ఆయన నోరు తెరిస్తే ఎవరిదో గొంతు వచ్చింది. రేడియోలో వార్తలు చదివేవాడి గొంతు. కల్లు గీసేవాడు చెట్టు మీద కూర్చుని, "నా ప్రాణం పోయినా దిగను" అని వార్తలు చదివినట్టు చదివాడు. మా ఊరివాళ్ళు ఫక్కున నవ్వారు. ముందు వరసల్లో వేరేవాళ్ళు నవ్వకండి అని కసిరారు. బురుజు మీది పాటకు ఈలలు పడ్డాయి. సిపాయిల బట్టలు మెరిశాయి. నాకు ఏదీ పట్టలేదు, చెంబు ఒడిలో పెట్టుకుని చావు కోసం చూస్తున్నాను. వచ్చింది. ఆరోసారి పడ్డదే పెట్టారు. నాకు తెలుసు, ఆ పడ్డప్పుడు ఆయన ఎడమ చెయ్యి నడుము కింద ఇరుక్కుంది. అట్లాగే ఉన్నాడు. వయొలిన్లు మోగాయి. కూతురు ఏడ్చింది. పేర్లు పైకి పోయాయి. లైట్లు వేశారు.

జనం బయటికి కదిలారు. మా ఊరివాళ్ళు కుర్చీల్లోనుంచి లేవలేదు. వాళ్ళను చూసి ఇంకొందరు పిక్చర్ ఇంకా ఉందేమో అని ఆగిపోయారు. గేటు మనిషి వచ్చి, అయిపోయింది, మధ్యాహ్నం షోకు ఊడ్చాలి అన్నాడు. మామ ఒక్క మాటన్నాడు, "జర ఆగు బిడ్డా, మావోడు ఇంక లేవలే."

నేను చెంబు పట్టుకుని తెర దాకా పోయాను. పోయాక ఏం చేయాలో తెలియలేదు. తెల్లగా ఉంది. నీళ్ళు చల్లడానికి మొహం లేదు అక్కడ. నా వెనక అంతమంది కూర్చుని చూస్తున్నారు. చెంబు కింద పెట్టి, రవికలో ఉన్న సెల్లు తీసి మా ఆయనకు కలిపాను. మా ఆడబిడ్డ వచ్చి గొంతు పెద్దగా వినబడే బటన్ నొక్కింది.

ఎత్తాడు. ఉల్లిగడ్డలు కోస్తున్నానన్నాడు. గదిలో నలుగురి మాటలు, స్టవ్ చప్పుడు వినబడ్డాయి. హాలంతా ఆయన గొంతు విన్నారు. ముందు వరసలో ఆగిన వేరే ఊరివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వార్తలు చదివే గొంతు కాదు మరి.

పిక్చర్ అయిపోయిందని చెప్పాను. కోరుట్ల హాల్లో ఉన్నాం, సూసినోళ్ళందరు ఇక్కడే ఉన్నరు అన్నాను. ఆయనకు ఇంక ఏమీ చెప్పాల్సిన పని పడలేదు. అక్కడి మాటలు ఆగాయి. స్టవ్ ఆపినట్టున్నాడు.

చెంబు తీసుకుని మూడుసార్లు గాలిలోనే చల్లాను. "లే, ఇంటికి పోదాం" అన్నాను.

లేచినవాడు మాట్లాడకూడదు, అది పద్ధతి. కానీ మాట్లాడకపోతే లేచినట్టు ఎవరికి తెలుస్తుంది?

"లేచిన," అన్నాడు. తర్వాత మెల్లగా, "ఇంటికి ఎట్ల రావాల్నే. పాస్‌పోర్టు కంపినోళ్ళ దగ్గరున్నది. ఇంక పదహారు నెల్లు."

ముందు వరసల్లో ఒకాయన కండువా మొహాన పెట్టుకున్నాడు. ఆయన తమ్ముడో, కొడుకో ఎక్కడున్నాడో నాకు తెలియదు. ఏజెంటు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, ఎవరి వైపూ చూడలేక సెల్లు చూసుకున్నాడు. చచ్చినవాడు లేస్తే జనం ఏడవరని చెప్పిన డైరెక్టర్ మాత్రం ఆ రోజు హైదరాబాదులో ఉన్నాడట.

మామ లేచి మద్దెల లేకుండానే చేతులతో తాళం వేశాడు. అందరూ లేచారు. బయటికి వస్తుంటే ఆయన నాతో అన్నది ఇది: "కోరుట్ల హాలోళ్ళు ఇన్నరు. మిగితా ఊర్లల్ల సూసినోళ్ళ సంగతేంది? నీకు రాసుడు వత్తది గద బిడ్డా. రాయి."

రాయలేదు. ఇన్నేళ్ళూ సిగ్గు పడ్డాను. ఆ నవ్వు చెవిలో ఉండిపోయింది. ఆ పిక్చర్ జగిత్యాలలో వారం ఆడింది, సిరిసిల్లలో మూడు రోజులు ఆడింది. తర్వాత సీడీలు వచ్చాయి, ఇప్పుడు పండుగలప్పుడు టీవీలో వేస్తున్నారు. మొన్న బస్సులో ఎవరో పక్కామె, అందులో హీరో నిజంగానే దుబాయిలో పోయాడట కదా అని నాతోనే చెప్పింది. అప్పుడు ఇంక నోటుబుక్కు కొన్నాను.

మీలో ఎవరైనా ఆ పిక్చర్ చూసి ఉంటే చెబుతున్నాను. చెట్టు కింద ఎడమ చెయ్యి నడుము కింద పెట్టుకుని పడి ఉన్న మనిషి లేచాడు. పదహారు నెలలు కాదు, ఇరవై నెలలు పట్టింది. కాలు కొంచెం ఈడుస్తూ, రెండు సబ్బులు, ఒక దుప్పటి పట్టుకుని ఇంటికి వచ్చాడు. ఇప్పుడు చెట్లెక్కడు, బర్రెల్ని మేపుతాడు. నిన్న పొద్దున గంజిలో ఉప్పు లేదని నన్ను తిట్టాడు. చూసినవాళ్ళందరికీ ఈ సంగతి అందాలని రాశాను. ఇందులో ఎన్ని తప్పులున్నాయో నాకు తెలుసు, తెలియనివి ఇంకెన్ని ఉన్నాయో. అవన్నీ నావే అనుకుని, ఆయన లేచిన సంగతి ఒక్కటి మనసులో పెట్టుకుని, నన్ను మన్నించండి.